మంత్రి గారూ, ఆ ఎర్రకన్ను మీద ఒక్కసారి స్టెతస్కోప్ పెట్టించండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నాది హుజూర్‌నగర్ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద ఒక పల్లె. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఈ ఉత్తరం మా అక్క ఎడమ కన్ను గురించి. ఆమె ఒక్కదాని గోడే అయితే ఇంట్లో కూచుని చెప్పుకునేవాళ్లం. ఆస్పత్రి వార్డులో పక్క మంచాల మీద చూసినవి కూడా ఉన్నాయి కాబట్టి, మీరు తలుచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా మారే సంగతులు కాబట్టి, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

అక్కకు అరవై రెండేళ్లు. సంక్రాంతి నెలలో ఆమె వేసే ఇరవై ఒక్క చుక్కల ముగ్గును చూడటానికి పక్క వాడల ఆడపిల్లలు వచ్చి నిలబడేవారు. కిందటేడు కాదు, ఆ ముందు సంక్రాంతికి తెల్లవారుజామున ముగ్గుగిన్నె పట్టుకుని వాకిట్లో కూలబడి ఏడ్చింది. పెట్టిన ప్రతి చుక్క పక్కన ఇంకో చుక్క కనిపిస్తోందట. ఏది తన చెయ్యి పెట్టిందో, ఏది కన్ను పెట్టిందో తెలియడం లేదట.

కన్ను ఎర్రబడింది మాత్రం అంతకు నాలుగు నెలల ముందు, వినాయక చవితి వెళ్లిన వారానికి. ఊర్లో అందరికీ కండ్లకలక. ఈమెదీ అదే అనుకున్నాం. ఆర్‌ఎంపీ డాక్టరు ఒక చుక్కల మందు ఇచ్చాడు. ఊర్లో అందరి కళ్లూ పది రోజుల్లో బాగయ్యాయి, అక్క కన్ను బాగవలేదు. పట్నంలో కంటి డాక్టరు అలర్జీ అన్నాడు, స్టెరాయిడ్ చుక్కలు రాశాడు. నాలుగు రోజులు ఎరుపు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకాయన కంటి ప్రెషర్ చూసి నీటికాసులన్నాడు. మరొకరు కన్ను ముందుకు పొడుచుకొస్తోంది కాబట్టి థైరాయిడ్ అయి ఉంటుందని రక్తపరీక్షలు రాశారు, అవి మామూలుగా వచ్చాయి. ఖాళీ అయిన సీసాలను అక్క పారేయలేదు. పాత హార్లిక్స్ డబ్బాలో వేసి పెట్టింది. ఏడు సీసాలు. ఈ నలుగురిలో ఎవరినీ తప్పు పట్టాలని ఇది రాయడం లేదు, వాళ్ల పేర్లూ అక్కర్లేదు. ఎర్రకన్ను చూస్తే ఎవరికైనా ముందు తట్టేవి ఆ జబ్బులే.

కానీ అక్క అప్పటికే అసలు రోగం పేరు తప్ప మిగతాదంతా చెప్పేసింది. "తమ్మీ, తల దిండు మీద పెట్టంగనే చెవుల మిల్లు ఆడుతది" అనేది. మా ఊరి చివర నిజంగానే ఒక రైసుమిల్లు ఉంది. "మిల్లు ఆడక ఏం చేస్తది అక్కా, కోతల కాలం" అని కొట్టిపారేశాను. కోతలైపోయాయి, మిల్లు బందయింది. ఆమె చెవిలో మాత్రం ఆగలేదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఒక ఊపు, మళ్లీ ఒక ఊపు. ఆ మాట చెప్పడానికి అక్క ప్రతి డాక్టరు దగ్గరా నోరు తెరిచింది. కంటి డాక్టరు దగ్గర చెవి మాట ఎందుకని పక్కన కూచుని ఆమె నోరు మూయించింది నేనే. ఈ ఉత్తరంలో నేరం ఒప్పుకోవాల్సిన మొదటి మనిషిని నేను.

చివరికి హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి ఓపీలో పీజీ చదువుతున్న ఒక అమ్మాయి, అక్క మాట విని, మెడలోని స్టెతస్కోప్ తీసి, మూసిన కనురెప్ప మీద ఆనించింది. కన్ను మీద స్టెతస్కోప్ పెట్టడం నా జన్మలో అదే చూడటం. ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టింది. మిల్లు ఆడుతోంది మంత్రి గారూ. ఝుమ్మని, ఆగి, మళ్లీ ఝుమ్మని.

ఆ తర్వాత వాళ్లు నాకు విప్పిచెప్పిన సంగతిని నాకు తెలిసిన కాలువ భాషలో మీకు చెబుతాను. కంటి వెనక, పుర్రె అడుగున, పిట్యూటరీ గ్రంథికి అటొకటి ఇటొకటి చెడు రక్తం చేరి సాగిపోయే మడుగులుంటాయి. కేవర్నస్ సైనస్ అంటారు. మెడలోంచి మెదడుకు మంచి రక్తాన్ని మోసుకెళ్లే కరోటిడ్ ధమని సరిగ్గా ఆ మడుగు నడుమ నుంచే పోతుంది. అంటే మురుగు మడుగు మధ్యలోంచి మెయిన్ కెనాల్ పోతున్నట్టు. కన్ను నుంచి దిగొచ్చే చెడు రక్తం మామూలుగా ఈ మడుగులోకే వచ్చి పడాలి. ఇప్పుడు కాలువకు గండి పడిందనుకోండి. వేగంగా పారే నీళ్లన్నీ మడుగులో పడతాయి. మడుగు నిండి, మురుగు కాలువ ఎదురు తిరిగి చేలమీద పడుతుంది. ఆ చేను కన్ను. అందుకే కంట్లో రక్తనాళాలు ఎర్రగా లావెక్కి, నల్లగుడ్డు అంచు దాకా మెలికలు తిరిగి పాకుతాయి. కన్ను ఉబ్బి ముందుకొస్తుంది, లోపలి ప్రెషర్ పెరుగుతుంది. కంటిని తిప్పే నరాలు ఆ మడుగు గోడలోనే పోతాయి. కన్నును బయటివైపు తిప్పే ఆరో నరమైతే గోడలో కాదు, లోపల ధమనిని ఆనుకునే పోతుంది కాబట్టి, అది ముందు దెబ్బ తింటుంది. చుక్కలు రెండు కనిపించడం అక్కడి నుంచి వచ్చింది. ఇదంతా ఎక్కువ రోజులు సాగితే చూపు మోసే నరానికి రక్తం చాలక, అది ఎండుతుంది.

దీని పేరు కరోటిడ్ కేవర్నస్ ఫిస్టులా. గండి ఒకటే రకం కాదు. బారో అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ 1985లో దీన్ని నాలుగు రకాలుగా విడదీశారు. ఇప్పటికీ ఆస్పత్రుల్లో అవే పేర్లు. మనబోటివాళ్లకు రెండు చాలు. ఒకటి, కట్ట తెగి పడ్డ గండి. ఎక్కువగా బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లకు వస్తుంది. అది దూకుడుగా ఉంటుంది. రెండోది, ఎలుకబొరియల్లాంటిది. మెదడు పొరకు పోయే సన్నటి నాళాల నుంచి మడుగులోకి ఊట పడుతుంది. ఏ దెబ్బా తగలకుండానే, నడివయసు దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఊట కాబట్టి నిదానంగా ముంచుతుంది, నిదానంగా ముంచుతుంది కాబట్టే కండ్లకలక అనుకుంటారు. అక్కది ఇదే.

ఇదేమీ నిన్న మొన్న బయటపడ్డ జబ్బు కాదు. 1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్ అనే సర్జను ఇలా కొట్టుకునే కన్నుతో వచ్చిన ఒకామెకు మెడలో కరోటిడ్‌ను ముడేసి కట్టాడు. మెయిన్ కెనాల్‌నే మూసేయడమన్నమాట. ధైర్యమంటే అదీ! 1974లో మాస్కోలోని బుర్డెంకో ఇన్‌స్టిట్యూట్ డాక్టరు ఫెడోర్ సెర్బినెంకో, సన్న గొట్టం చివర చిన్న బెలూను కట్టి, నాళం లోపలి నుంచే పోయి గండి దగ్గర దాన్ని ఉబ్బించి వదిలేసి రావడం ఎలాగో ప్రపంచానికి రాసి చూపించాడు. మే డే ఊరేగింపులో పిల్లలు దారాలతో బెలూన్లు ఆడించడం చూసి ఆయనకా ఆలోచన వచ్చిందంటారు. 1990ల నుంచి ప్లాటినం కాయిల్స్ వచ్చాయి. నేను చెప్పొచ్చేదేమంటే, పుర్రె విప్పకుండా ఈ గండి పూడ్చే విద్య వచ్చి యాభై ఏళ్లు దాటింది. మన హైదరాబాదులోనే చేసేవాళ్లున్నారు. కొరత ఉన్నది విద్యకు కాదు, ఆ విద్య ఉన్న గది దాకా రోగి వెళ్లే దారికి.

అక్కకు తొడ దగ్గర సిరలోంచి సన్న గొట్టం పంపారు. ముందు డీఎస్ఏ యాంజియోగ్రామ్ చేసి బొరియలెక్కడున్నాయో చూశారు. తర్వాత ధమని జోలికి పోకుండా, మురుగు కాలువ వైపు నుంచి ఎదురెక్కి వెళ్లి, మడుగులోనే వెంట్రుకలాంటి ప్లాటినం తీగ చుట్టలు ఒకటి తర్వాత ఒకటి పేర్చి నింపేశారు. మెలకువ రాగానే అక్క నన్ను దగ్గరికి పిలిచింది. మత్తు ఇంకా దిగలేదు. "మిల్లు బందైంది తమ్మీ" అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ తర్వాతి నెలలు.

కన్ను రూపం వేరు, చూపు వేరు. గండి పూడ్చాక రూపం తొందరగా వచ్చేస్తుంది. మోత అదే రోజు పోయింది. ప్రెషర్ 34 నుంచి వారంలో 17కు దిగింది. మామూలుగా 21 లోపు ఉండాలట. మూడో రోజు మాత్రం కన్ను ఉన్నట్టుండి మళ్లీ ఉబ్బింది. మా బావ ఆపరేషను చెడిందని గొడవకు దిగబోయాడు. కంటి పెద్దసిరలో నిలిచిన రక్తం గడ్డకట్టే టైములో కొందరికి అలా అవుతుందని డాక్టర్లు ముందే చెప్పి ఉండబట్టి ఆగాడు. పది రోజుల్లో అదీ దిగింది. నెల తిరిగేసరికి తెల్లగుడ్డు తెల్లగా అయింది. చూసినవాళ్లంతా "అయ్యో, బాగైపోయిందే" అన్నారు.

అక్కకు మాత్రం చుక్కలింకా రెండే. ఆరో నరం కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు. కళ్లద్దాల ఎడమ అద్దానికి తెల్లటి టేపు అంటించి, ఒంటి కంటితో అన్నం వండుకుంది. మూడో నెలలో దగ్గరివి ఒకటిగా కలిశాయి, దూరానివి కలవలేదు. బస్సు రెండుగా వచ్చేది. అయిదో నెల దాటాక ఒకరోజు ఫోన్ చేసి, మా ఇంటి ముందరి కరెంటు స్తంభం ఒక్కటే అయిందని చెప్పింది.

చూపు సంగతి. గోడమీది అక్షరాల పలకలో ఆపరేషనుకు ముందు అక్క ఎడమ కన్ను పై నుంచి రెండో వరస దగ్గరే ఆగిపోయేది. డాక్టర్ల లెక్కలో 6/36. ఆర్నెల్లకు అయిదో వరస దాకా వచ్చింది, 6/12. అక్కడ నిలిచిపోయింది. రంగు కూడా పూర్తిగా రాలేదు. కుడి కన్ను మూసి చూస్తే కుంకుమ ఇటుకపొడిలా కనబడుతుందంటుంది. చూపు నరం కొంత ఎండిపోయింది, ఆ భాగం ఇక రాదన్నారు. ఇంకా రెండు నెలల ముందు వచ్చి ఉంటే ఎంత మిగిలేదని డాక్టరును అడిగాను. ఎవరి కన్నుకు ఎంత గడువుంటుందో ముందుగా చెప్పలేమనీ, గడువంటూ ఒకటుందని మాత్రం తెలుసనీ అన్నాడాయన. నాకాయన అబద్ధం చెప్పనందుకు గౌరవం కలిగింది.

పక్క మంచం మీద ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయనదీ ఊటే కానీ చాలా తక్కువ, చూపు చెక్కుచెదరలేదు. ఆయనకు కాయిల్స్ వేయలేదు. మెడలో కరోటిడ్ ధమని పరీక్షించి, రోజుకు కొన్నిసార్లు దాన్ని నొక్కి పట్టుకోవడం నేర్పారు. ఎడమ కన్నుకు మెడలో ఎడమ పక్కే నొక్కాలి, కానీ కుడి చేత్తో. ఎందుకో తెలుసా? నొక్కుడుకు ఎడమ మెదడుకు రక్తం చాలకపోతే ముందు చచ్చుబడేది కుడి చెయ్యే. చెయ్యి దానంతటదే జారిపోతుంది, మనిషి బతికిపోతాడు. ఇంత చక్కటి ఏర్పాటు నేను పాఠాల్లో కూడా చెప్పలేదు. (ఇది చదివి ఎవరూ ఇంట్లో మెడ నొక్కుకోకండి. డాక్టరు చూసి, తగినవాళ్లకే చెబుతారు.) కొందరికి ఇలాంటి ఊట దానంతటదే మూసుకుపోతుందట కూడా. అంటే ఈ జబ్బులో అందరికీ ఆపరేషనే అని కాదు. కానీ ఆగొచ్చా, పరుగెత్తాలా అన్నది తేల్చాల్సింది చూసినవాళ్లు. ముందు ఎవరో ఒకరు చూడాలి కదా.

ఆ చివరి మంచం మీద పిల్లవాడు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. బైకు మీద నుంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. తలకు స్కానింగ్ తీసి, అయిదు రోజులుంచుకుని, బాగానే ఉందని ఇంటికి పంపారు. పంపిన వారానికి కన్ను ఎర్రబడింది, తర్వాత బయటికి పొడుచుకొచ్చి కొట్టుకోవడం మొదలైంది. డిశ్చార్జి కాగితంలో కుట్లు ఎప్పుడు విప్పించుకోవాలో ఉంది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఉంది. కన్ను మాట లేదు. దెబ్బ తగిలిన కన్నే కదా, తగ్గుతుందిలే అనుకున్నారు. చూపు పూర్తిగా పోయాక తెచ్చారు. గండి పూడ్చారు. కన్ను చక్కగా లోపలికి వెళ్లింది, ఎరుపు పోయింది, పక్కకు కూడా తిరుగుతోంది. అద్దంలో చూసుకుంటే రెండు కళ్లకూ తేడా లేదు. ఆ కంట్లో టార్చి వేస్తే మాత్రం వాడికి వెలుగు తెలియదు.

అందుకని అడుగుతున్నాను. తలకు దెబ్బ తగిలి ఇంటికి పోయే ప్రతి మనిషి డిశ్చార్జి కాగితం మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం అచ్చు వేయించండి: కన్ను ఎర్రబడినా, ఉబ్బినా, ఒకటి రెండుగా కనిపించినా, తలలో మోత వినిపించినా ఆ రోజే రండి అని. దానికి జీవో కావాలంటే అది ఒక పేజీ జీవో.

ఇదివరకటి ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ఊరూరా కళ్లు పరీక్షించే కంటి వెలుగు మొదలుపెట్టింది. 2023లో రెండో విడత కూడా నడిచింది. అక్క దగ్గరి చూపు అద్దాలు ఆ క్యాంపులోవే. పార్టీల సంగతి నాకొద్దు, అది మంచి పని. ఊర్లోకి వచ్చి అంతమంది కళ్లు చూసే మనుషుల్ని తయారుచేసిన రాష్ట్రమిది. వాళ్లకు, పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆశా వర్కర్లకు ఒక పూట క్లాసు చాలు, అందులో చెప్పాల్సిందీ ఇంతే. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకోవు, పుసి ఉండదు, ఒక్క కన్నే ఎర్రగా ఉంటుంది, మూడు వారాలైనా తగ్గదు. ఆ మనిషికి ఇంకో సీసా రాయకూడదు. చెవిలో మోత ఉందా అని అడగాలి. డాక్టరు మూసిన రెప్ప మీద స్టెతస్కోప్ పెట్టి వినాలి. ఊట సన్నగా ఉన్న చాలామందిలో ఏ చప్పుడూ వినబడదు, కాబట్టి వినబడలేదని వదిలేయకూడదు కూడా. కానీ వినబడితే అది పది పరీక్షల పెట్టు, పైగా స్టెతస్కోప్ ప్రతి డాక్టరు మెడలోనూ ఉన్నదే.

ఇక దారి. అక్క జబ్బు తెలిశాక కూడా పదకొండు రోజులు తిరిగాం. కంటివాళ్లు ఇది మెదడు డాక్టర్లదన్నారు. మెదడువాళ్లు ముందు కంటి ప్రెషర్ కాగితం తెమ్మన్నారు. యాంజియోగ్రామ్ గదికి తారీఖు వేరే బిల్డింగులో ఇస్తారు. ఆరోగ్యశ్రీ కౌంటర్లో కుర్రవాడు కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇది కంటి కిందికొస్తదా సార్, బ్రెయిన్ కిందికొస్తదా?" అని నన్నే అడిగాడు. వాడి తప్పు కాదు. నాకు నవ్వొచ్చింది, ఆ రోజు నవ్వు రావలసిన రోజు కాకపోయినా. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీకి 2023 డిసెంబరులో మీ ప్రభుత్వం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. సంతోషం. డబ్బు పరిమితి పెంచినట్టే రోజుల పరిమితి తగ్గించండి. చూపు తగ్గుతున్న ఫిస్టులా రోగిని గుండెపోటు రోగిలా చూడాలి. కంటి డాక్టరు ఒక్క ఫోను చేస్తే క్యాథ్‌ల్యాబ్ ఉన్న చోట తారీఖు దొరకాలి. కాగితాలు మనుషుల చేత మోయించకుండా అవే తిరగాలి. మొన్న మొన్నటి దాకా నీళ్ల కోసం మేం కాలువల మీద కాపలా కాసినవాళ్లం. గండి పడ్డ రాత్రి ఏ సెక్షను ఇంజినీరుదని ఎవరూ అడగరు, ముందు ఇసుక బస్తాలు తెస్తారు.

కిందటి సంక్రాంతికి అక్క మళ్లీ ముగ్గు వేసింది. ఇరవై ఒకటి కాదు, పదిహేను చుక్కలే. మూలలు కలిపేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటోంది. ఎందుకని అడిగితే, అలవాటైపోయిందంది.

ఆ కుర్రవాడి తల్లి నంబరు అక్క ఫోనులో ఉంది. నెలకోసారైనా మాట్లాడుకుంటారు. పోయినవారం ఆమె అక్కను అడిగిందట, "మావోని కన్ను మస్తుగ అయిందక్కా, మీ లెక్కనే ఆర్నెల్లకు కనవడ్తదంటవా?" అని. అక్క ఏం చెప్పాలో తెలియక ఫోను నా చేతికిచ్చింది. నేనూ ఏమీ చెప్పలేకపోయాను.

ఇట్లు,
సూర్యాపేట జిల్లా నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు